లెస్టర్‌లో ఇంటర్‌సెప్టర్ ముందు చక్రం బెండు తీయించడం: ఖర్చుల చిట్టా

ఫిబ్రవరి చివర

చలికాలం అయ్యేసరికి ఇక్కడ ఇంగ్లండ్‌లో, లెస్టర్ చుట్టుపక్కల పల్లెరోడ్లన్నీ గుంతలే. తారు పగుళ్ళలోకి దిగిన నీళ్ళు గడ్డకట్టి, కరిగి, మళ్ళీ గడ్డకట్టి రోడ్డును పెళ్ళలుగా లేపేస్తాయి. అలాంటి ఒక గుంతలో ముందు చక్రం గట్టిగా దిగింది. టైరుకీ ట్యూబుకీ ఏమీ కాలేదుగానీ, వేగం నలభై మైళ్ళు దాటితే హ్యాండిల్లో సన్నటి వణుకు మొదలైంది.

బండి రాయల్ ఎన్‌ఫీల్డ్ ఇంటర్‌సెప్టర్ 650. ముందూ వెనకా 18 అంగుళాల స్పోక్ చక్రాలు, ట్యూబు టైర్లు. అల్లాయ్ చక్రాలతో ఈ బండి 2023లో వచ్చింది, నాది అంతకు ముందుది. ఏప్రిల్‌లో ఎంఓటీ ఉంది. రిజిస్ట్రేషనై మూడేళ్ళు దాటిన బండికి ఏటా చేయించాల్సిన పరీక్ష అది. చక్రాలూ స్పోకులూ చూస్తారు కాబట్టి వాయిదా వేసే వీల్లేదు.

గుంత వల్ల బండి పాడైతే, రోడ్లు చూసుకునే స్థానిక కౌన్సిల్‌ను నష్టపరిహారం అడగొచ్చు. అయితే 1980 నాటి హైవేస్ చట్టం 58వ సెక్షన్ ప్రకారం, రోడ్డును మేం పద్ధతిగా తనిఖీ చేస్తూనే ఉన్నామని వాళ్ళు రుజువు చూపిస్తే మనకు పైసా రాదు. ఫొటోలు పెట్టి దరఖాస్తు పంపాను. ఆ డబ్బును మాత్రం లెక్కలో వేసుకోలేదు.

మార్చి మొదటి వారం: కొలత

షాపుకి వెళ్ళేముందు చక్రం ఎంత వంకర పోయిందో అంకెల్లో తెలియాలనుకున్నాను. సెంటర్ స్టాండ్ వేసి, ఇంజను కింద చెక్కముక్క పెట్టి జాకీతో లేపితే ముందు చక్రం గాల్లోకి వచ్చింది. మొదట చూసింది బేరింగులు. చక్రాన్ని పైనా కిందా పట్టుకుని అటూ ఇటూ ఊపితే టకటకమనకూడదు. బేరింగులో ఆట ఉంటే అది కూడా రిమ్ము వంకరలాగే కనిపిస్తుంది, స్పోకులు ఎంత తిప్పినా పోదు.

రిమ్ము ఎంత కదిలిందో ముల్లుతో చూపించే డయల్ గేజ్, దాన్ని నిలబెట్టే అయస్కాంతం స్టాండు కలిపి 22 పౌండ్లు. తీరా చూస్తే ఫోర్కు కింది గొట్టాలు అల్యూమినియం, అయస్కాంతం అంటుకోదు. ఇనప పట్టీ ఒకటి ఫోర్కుకి క్లాంపు వేసి బిగించి, దానిమీద స్టాండు నిలబెట్టాను. ఇంత ఖర్చెందుకు అనుకునేవాళ్ళు ఫోర్కుకి ప్లాస్టిక్ జిప్ టై కట్టి, దాని కొనను రిమ్ముకి ఆనీ ఆననట్టు కత్తిరించినా సరిపోతుంది. బెండు ఉందో లేదో తెలిసిపోతుంది, ఎన్ని మిల్లీమీటర్లో మాత్రం తెలియదు.

పక్కలకి ఊగడం 2.4 మిల్లీమీటర్లు, పైకీ కిందికీ ఎగరడం 1.3. చాలా కంపెనీల మాన్యువల్స్‌లో రెండింటికీ 2 మిల్లీమీటర్లే హద్దు. రిమ్ము అతుకు దగ్గర ముల్లు ఒక్కసారి ఎగిరిపడుతుంది, దాన్ని పట్టించుకోకూడదు. అసలు చూడాల్సింది ముల్లు ఎలా కదులుతోందన్నది. బెత్తెడు జాగాలో చటుక్కున దూకితే రిమ్ముకి సొట్ట పడినట్టు. ఆ సొట్ట స్పోకులతో పోయేది కాదు, రిమ్ము మార్చాల్సిందే. పావు చక్రం మేర మెల్లగా పెరిగి మెల్లగా తగ్గితే స్పోకుల బిగువు తేడా. నాది రెండోది, బతికిపోయాను.

స్పానరుతో ఒక్కో స్పోకునీ కొడితే చాలావరకు ఖంగుమన్నాయి. గుంత దెబ్బ తగిలిన వైపు నాలుగైదు మాత్రం టప్ టప్‌మంటున్నాయి. వదులైనవి అవే.

మార్చి రెండో వారం: ధరలు

డీలరు వర్క్‌షాపులో గంటకి 84 పౌండ్లు. చక్రం విప్పి బిగించడం, టైరు ఊడదీసి ఎక్కించడం, బెండు తీయడం, బ్యాలెన్సింగ్ కలిపి గంటా ముప్పావు అన్నారు. అంటే 147, దానిమీద 20 శాతం వ్యాట్, మొత్తం 176 పౌండ్ల 40 పెన్నీలు. ఇంటి దగ్గర గ్యారేజీవాళ్ళు స్పోకుల జోలికి అసలు వెళ్ళమన్నారు. చక్రాలు కట్టడమే పనిగా పెట్టుకున్న ఒకాయన ఊరి బయట షెడ్డులో ఉన్నాడు. టైరు, ట్యూబు, బ్రేకు డిస్కు తీసేసి ఉత్త చక్రం తెస్తే 45, టైరుతో తెస్తే ఇంకో 20, స్పోకులు మార్చాల్సి వస్తే ఒక్కోటి 4.

విజయవాడలో ఉన్న బావకి ఫోన్లో చెబితే పగలబడి నవ్వాడు. “ఆటోనగర్‌లో మూడొందలిస్తే బెండు తీసి, టీ తాగించి పంపిస్తాడ్రా. ఇరవై వేలేంటి?” నిజమే. కానీ రూపాయల్లోకి మార్చి గుండె బాదుకుంటే పని జరగదు. డీలరు అంచనా విడదీసి చూడండి: అందులో బెండు తీసే పని ముప్పావు గంటే. మిగతా గంటంతా నట్లు విప్పడం, టైరు లాగడం. ఆ గంట పని నేనే చేసుకుంటే వ్యాట్‌తో కలిపి వంద పౌండ్లు మిగులుతాయి.

మార్చి మూడో వారం: విప్పడం

స్పోకుల బిగువు మార్చే స్పోక్ కీ 14 పౌండ్లు, తుప్పు వదిలించే నూనె 7. చిన్న చిన్న సవరణలు నేనే చేద్దామనుకున్నాను. పద్ధతి కష్టమేమీ కాదు. రిమ్ము ఎడమకి పోతే ఆ భాగంలో హబ్బు (చక్రం మధ్య భాగం) కుడి అంచు నుంచి వచ్చే స్పోకులు కాస్త బిగించి, ఎడమ అంచువి అంతే వదులు చేయాలి. ఒకసారికి పావు చుట్టు మించకూడదు. స్పోకును రిమ్ముకి పట్టి ఉంచే చిన్న నట్టును నిపుల్ అంటారు, దాన్ని టైరు వైపు నుంచి చూస్తే సవ్యదిశ బిగింపు, హబ్బు వైపు నుంచి చూస్తే అపసవ్యం. ఎక్కువ తిప్పాల్సి వస్తే టైరు తీయక తప్పదు. లేకపోతే స్పోకు కొన లోపలికి పొడుచుకొచ్చి ట్యూబుని చీలుస్తుంది.

చలికాలంలో రోడ్లమీద చల్లే ఉప్పుకి మూడు నిపుల్స్ బిగుసుకుపోయి ఉన్నాయి. రెండు రాత్రులు నూనెలో నానినా కదల్లేదు. ఇంకా బలం చేస్తే నిపుల్ అంచులు అరిగిపోతాయి, ఆ తర్వాత కోసేయడమే గతి. అక్కడితో ఆపి, టైరూ డిస్కూ తీసి, చక్రాన్ని పాత దుప్పట్లో చుట్టి షెడ్డుకి తీసుకెళ్ళాను.

షెడ్డులో

నిలబడి చూస్తానంటే ఆయన కాదనలేదు. మొండికేసిన మూడు స్పోకుల్నీ మొహమాటం లేకుండా కోసేశాడు. కొత్తవి వేశాక ముందు ఎగురుడు సంగతి చూశాడు. రిమ్ము పైకి లేచినచోట ఎడమా కుడీ జంటగా బిగించి, దానికి ఎదురుగా ఉన్నవి జంటగా వదిలాడు. పక్కల ఊపు సంగతి ఆ తర్వాతే. ముల్లు కుదురుకున్నాక, ఇక అయిపోయిందని నేననుకుంటే, పక్కపక్క స్పోకుల్ని రెండేసి చొప్పున గుప్పిట పట్టి గట్టిగా నొక్కుతూ చక్రమంతా తిరిగాడు. టిక్‌మని చిన్న చప్పుళ్ళు వచ్చాయి. స్పోకు తలలు హబ్బు రంధ్రాల్లో సర్దుకుంటున్నాయట. మళ్ళీ గేజ్ పెడితే పావు మిల్లీమీటరు పక్కకి జరిగి ఉంది. అదీ సరిచేసి, లోపలికి పొడుచుకొచ్చిన కొనలు ఆకురాయితో రాశాడు.

పక్కలకి 0.4, పైకీ కిందికీ 0.5. బిల్లు 57 పౌండ్లు, అందులో స్పోకులవి 12.

మార్చి చివర: బిగింపు

స్పోకు కొనలు ట్యూబుకి తగలకుండా వేసే కొత్త రిమ్ టేపు, ట్యూబు కలిపి 13 పౌండ్లు. టైరు పక్కనున్న బాణం గుర్తు తిరిగే దిశకి సరిపోయిందో లేదో చూసుకుని ఎక్కించాను. ఇరుసుని రెండు స్టాండ్లమీద ఆనించి బ్యాలెన్స్ చూస్తే బరువైన వైపు కిందికి వచ్చి ఆగుతుంది. దానికి ఎదురుగా అంటించే బరువులు పెట్టాను. పనిముట్లతో సహా అన్నీ కలిపి 113 పౌండ్లు. అందులో గేజ్, స్పోక్ కీ తర్వాత కూడా పనికొస్తాయి.

ఏప్రిల్

ఎంఓటీ పాసైంది, 29.65 పౌండ్లు. బైకులకి అదే గరిష్ఠ ఫీజు. వణుకు పోయింది. కొత్త స్పోకులు మొదట్లో కొంచెం వదులవుతాయి కాబట్టి మూడొందల మైళ్ళు తిరిగాక మళ్ళీ తట్టి చూశాను. ఒకదానికి పావు చుట్టు పట్టింది.

వెనక చక్రం 1.1 ఊగుతోంది, హద్దులోనే ఉంది. టైరు ఎలాగూ అరిగిపోవచ్చింది, మార్చేటప్పుడు చూద్దాం. ఈలోగా దాని నిపుల్స్‌కి నెలకోసారి నూనె పెడుతున్నాను. కౌన్సిల్ నుంచి దరఖాస్తు అందిందన్న మెయిల్ తప్ప ఇంకేమీ రాలేదు.