గది గాలి 20.93 చూపించాలి

బీపీటీ (ఫిజియోథెరపీ డిగ్రీ) చదివే పిల్లలు ఈ మధ్య వరసగా మెసేజ్‌లు పెడుతున్నారు, అన్నా అమెరికాలో ఎక్సర్‌సైజ్ ఫిజియాలజీ (వ్యాయామం చేసేటప్పుడు ఒళ్ళు ఎలా పనిచేస్తుందో చదివే సబ్జెక్టు) పీహెచ్‌డీ చెయ్యొచ్చా, ఎన్నేళ్ళు పడుతుంది, తర్వాత ఉద్యోగం ఉంటుందా అని. ఒక్కొక్కళ్ళకీ విడిగా చెప్పే ఓపిక లేక ఇక్కడ రాసేస్తున్నాను.

ముందే చెప్తున్నా, మీరేం చదువుతున్నారో ఇంట్లో ఎవరికీ అర్థం కాదు. నాకు సంబంధాలు చూసే రోజుల్లో మా పెద్దమ్మ ఎవరికో "మావాడు అమెరికాలో డ్రిల్ మాస్టారుకి చదువుతున్నాడు" అని చెప్పింది. వాళ్ళు మళ్ళీ ఫోన్ చెయ్యలేదు.

ల్యాబ్‌లో రోజూ చేసే పని ఇదీ. ఒక మనిషిని సైకిల్ ఎక్కించి, ముక్కుకి క్లిప్ పెట్టి, నోట్లో గొట్టం పెట్టి, ఇక నావల్ల కాదు అనేదాకా తొక్కించి, వాడు వదిలిన ఊపిరిలో ఆక్సిజన్ ఎంత మిగిలిందో చూడటం. మామూలు గాలిలో 20.93 శాతం ఉంటుంది, వదిలిన గాలిలో 17 చిల్లర. ఆ తేడానీ, నిమిషానికి ఎంత గాలి వదిలాడన్నదీ కలిపి లెక్కేస్తే వీఓ2 మ్యాక్స్, అంటే ఒళ్ళు నిమిషానికి గరిష్ఠంగా ఎంత ఆక్సిజన్ వాడుకోగలదో ఆ అంకె. 1920ల్లో ఎ.వి. హిల్ అనే బ్రిటిష్ శాస్త్రవేత్త వీపుకి సంచి తగిలించుకుని పరుగెత్తి తన ఊపిరినే అందులోకి పట్టాడు. ఇప్పుడు సంచి పోయి మిషన్ వచ్చింది, కానీ మిషన్ చెప్పిందల్లా నమ్మితే ఏమవుతుందో నాకు మూడో ఏడాదిలో తెలిసింది.

8 వారాల ఇంటర్వల్ ట్రైనింగ్ (కాసేపు గట్టిగా, కాసేపు నెమ్మదిగా చేసే వ్యాయామం) మీద నా స్టడీ, 12 మంది స్టూడెంట్లు. వాళ్ళని బతిమాలి, గిఫ్ట్ కార్డులు ఇచ్చి, రాకపోతే మెసేజ్‌లు పెట్టి, మొత్తానికి చివరి టెస్టుల దాకా లాక్కొచ్చాను. ఒక శుక్రవారం పొద్దున నలుగురికి వరసగా పెట్టాను. అందులో ఒకడికి వీఓ2 మ్యాక్స్ మొదట్లో 41 ఉండేది, ఆ రోజు 50 వచ్చింది. మిగతా ముగ్గురికీ అలాగే ఎగిరింది. నేను గాల్లో తేలిపోతూ అడ్వైజర్ (మన గైడ్ లాంటి ప్రొఫెసర్) దగ్గరికి పరుగెత్తాను. ఆవిడ కాగితం చూసి, "గది గాలి ఎంత చూపిస్తోంది?" అని మాత్రం అడిగింది. వెళ్ళి చూస్తే 20.2. ఏడింటికి ఒక్కసారి కాలిబ్రేట్ చేసి (మిషన్ అంకెని సరిచూసి), టైమ్ లేదని మధ్యలో మళ్ళీ చెయ్యలేదు. సెన్సర్ జారిపోయి ఆక్సిజన్ని తక్కువ చూపిస్తోంది, అంటే వాళ్ళు ఎక్కువ వాడుకున్నట్టు లెక్క వస్తోంది. వినడానికి ముక్కాలు శాతం కంటే తక్కువే, కానీ మనం కొలిచే తేడాయే మూడున్నర, నాలుగు శాతం అయితే ఆ ముక్కాలు ఎంత పెద్దదో మీరే చూడండి. నలుగురివీ పారేశాను. మళ్ళీ పిలుద్దామంటే ఇద్దరు అప్పటికే సెలవులకి ఊళ్ళకెళ్ళిపోయారు. కొత్తవాళ్ళని వెతికి మొదటినుంచీ మొదలుపెట్టేసరికి ఒక సెమిస్టర్ గోవిందా. ఎవరినీ అనడానికి లేదు, తప్పు పూర్తిగా నాది.

అంతకుముందు పీహెచ్‌డీ రాత పరీక్షలయ్యాక ఓరల్‌లో ఇంకో దెబ్బ తగిలింది. "220లోంచి వయసు తీసేస్తే గరిష్ఠ హార్ట్ రేట్ అంటారు కదా, అది ఎక్కడిది?" అన్నారు. నోరు తెరిచి నిలబడ్డాను. ప్రతి జిమ్ గోడ మీదా ఉంటుంది, నేనూ పేషెంట్లకి వందసార్లు చెప్పుంటాను. 1971లో ఒక పేపర్లో, వేరేవాళ్ళు చేసిన కొలతలన్నీ ఒకచోట పెట్టి ఉరామరిగా గీసిన గీత అది. 2001లో టనాకా అనే పరిశోధకుడి బృందం తేల్చింది 208 మైనస్ వయసులో 0.7 వంతు. అరవై ఏళ్ళ మనిషికి పాతదాంట్లో 160, కొత్తదాంట్లో 166. అదీ సగటే, ఒకే వయసు వాళ్ళ మధ్యే పది పన్నెండు తేడా మామూలు.

ఇక డబ్బులు, ఉద్యోగం. యూనివర్సిటీ పేరు తర్వాత చూసుకోండి, ముందు అడ్వైజర్ ఎవరో చూడండి, వాళ్ళ దగ్గర చదివి బయటికొచ్చిన ఇద్దరితోనైనా మాట్లాడండి. టీఏ (పాఠాలు చెప్పినందుకు జీతమిచ్చే పని) ఇచ్చి ఫీజు మాఫీ చేస్తేనే వెళ్ళండి, అప్పు చేసి మాత్రం వద్దు, ఎఫ్-1 స్టూడెంట్ వీసా మీద సెమిస్టర్లో వారానికి 20 గంటలే పని చెయ్యనిస్తారు, దాంతో అప్పు తీరదు. నాకు ఐదున్నరేళ్ళు పట్టింది. తర్వాత ప్రొఫెసర్ ఉద్యోగాలకి 31 చోట్ల అప్లై చేస్తే మూడు చోట్ల పిలిచారు, ఒకటి వచ్చింది. రెండు రోజుల ఇంటర్వ్యూ, భోంచేస్తున్నప్పుడు కూడా ప్రశ్నలే. వచ్చింది నా పేపర్ల వల్ల అనుకునేవాణ్ణి, తర్వాత తెలిసింది, అనాటమీ ల్యాబ్ నాలుగేళ్ళు చెప్పినందుకట. ఫిజికల్ థెరపీలోకి వెళ్ళాలనుకునే పిల్లలతో ఈ డిపార్ట్‌మెంట్లు నిండిపోయి ఉంటాయి, వాళ్ళకి పాఠం చెప్పేవాళ్ళు కావాలి. యూనివర్సిటీ ఉద్యోగాలకి హెచ్-1బీ వర్క్ వీసా లాటరీ లేదు, ఆ టెన్షన్ ఒకటి తప్పింది. టెన్యూర్ (ఉద్యోగం పర్మనెంట్ అవడం) సంగతి ఆరో ఏట తేలుతుంది, నాది రెండో ఏడాది.

ఇండియాలోనే చేస్తానంటే దారి వేరు. ఎం.పీఎడ్ (వ్యాయామ విద్యలో మాస్టర్స్) వాళ్ళకి నెట్ పరీక్ష ఉంది, అందులో జేఆర్ఎఫ్ (రీసెర్చ్ ఫెలోషిప్) వస్తే నెలకి 37,000. బీపీటీ వాళ్ళు ముందు మాస్టర్స్ సంగతి చూసుకోండి.

మెసేజ్ పెట్టేవాళ్ళు ఏ అడ్వైజర్, ఎన్నేళ్ళ ఫండింగ్ అన్నది రాసి పెట్టండి. "హాయ్ అన్నా" అని వదిలేస్తే నేనేం చెప్పను? ఆదివారాలు కూర్చుని జవాబులిస్తాను.