ఆ మూడంకెల వెనక ఏ వైరస్ ఉందో తేల్చేసరికి

గన్నవరంలో వెటర్నరీ చదివాను. ఇప్పుడు అమెరికాలో, మిన్నెసోటా దక్షిణాన పందుల ఫారాలు చూస్తున్నాను. ఒక కేసు నిన్ననే తేలింది. కోపం ఇంకా చల్లారలేదు. ఈ పనిలోకి రాబోయే మన పిల్లలకు పనికొస్తుందని ఇప్పుడే రాస్తున్నాను.

జబ్బు పి.ఆర్.ఆర్.ఎస్., పందులకొచ్చే వైరస్ జబ్బు. ఈ దేశంలో 1980ల చివర్లో బయటపడింది. చూడి పందులు ఈసుకుపోతాయి, పిల్లలు ఊపిరాడక చస్తాయి. అయోవా స్టేట్ యూనివర్సిటీ అంచనా ప్రకారం 2016–2020 మధ్య ఏడాదికి సుమారు 120 కోట్ల డాలర్ల నష్టం. మన దేశంలోనూ ఉంది, 2013లో మిజోరంలో తేలింది.

శాంపిల్ తీయడం సులువే. స్నానం చేసి, ఫారం వాళ్ళిచ్చిన బట్టలు కట్టుకుని లోపలికి వెళ్ళాలి. పంది పిల్లలకు విత్తులు తీసి తోకలు కత్తిరించినప్పుడు వచ్చిన ద్రవం పంపాం. పీసీఆర్ పాజిటివ్ వచ్చింది కానీ సీటీ విలువ (వైరస్ ఎంత తక్కువుంటే అంత పెరిగే అంకె) 30 దాటింది. వైరస్ అంత పలచగా ఉంటే సీక్వెన్సింగ్, అంటే దాని జన్యు అక్షరాలు చదవడం, కుదరడం కష్టం. నీరసపడ్డ పిల్లల రక్తం తీసి పంపితే కుదిరింది.

అసలు గొడవ రిపోర్టు వచ్చాక మొదలైంది. అందులో ‘1-4-4’ అని ఉంది. ఆ అంకెలు చూడగానే ఫారం మేనేజర్ ముఖం పాలిపోయింది. 2020 చివర్లో ఈ చుట్టుపక్కల మొదలై ఫారాలకు ఫారాలనే దెబ్బతీసిన రకానికీ అదే నంబరు. మందను ఖాళీ చేద్దామా అనేదాకా వెళ్ళాడు. తొందరపడొద్దు, ఆ అంకెలు వంశం చెప్పవు అన్నాను. అందరి ముందూ, ‘‘డాక్, ఆ ఏడాది నువ్విక్కడ లేవు. మేం చచ్చిన పందుల్ని ఎత్తి పోశాం’’ అన్నాడు. కుర్చీల్లో ఉన్నవాళ్ళంతా తల దించుకున్నారు. నాకు ఒళ్ళు మండింది.

నేను చెప్పింది ఇదీ. వైరస్ మొత్తం జన్యుక్రమం సుమారు 15,000 అక్షరాలు. మనం చదివేది ఓఆర్ఎఫ్5 అనే ముక్క, దాదాపు 600 అక్షరాలు. ఆ ముక్కను మూడు ఎంజైములు ఎక్కడెక్కడ కోస్తాయన్న దాన్నిబట్టి ఇచ్చేదే ఆ మూడంకెల నంబరు. కోత పడే చోట ఒక్క అక్షరం మారితే అంకె మారిపోతుంది. దూరపు చుట్టరికం కూడా లేని రెండు వైరస్‌లకు ఒకే నంబరు రావచ్చు. ఒకే ఇంటిపేరున్నంత మాత్రాన అన్నదమ్ములు కారు కదా!

అక్షరాల ఫైలు పంపమని ల్యాబ్‌ను అడిగాను. కావాల్సిందంతా రిపోర్టులో ఉంది అన్నారు. గట్టిగా అడిగితే, అది కస్టమర్ సొత్తు, కంపెనీ సంతకం కావాలన్నారు. మేనేజరేమో, నంబరు వచ్చాక ఇంకా ఫైలెందుకు అన్నాడు. వాళ్ళ మధ్య నా తల ప్రాణం తోకకొచ్చింది. చివరికి నేరుగా ఓనర్ దగ్గరికెళ్ళి, కాగితం మీద బొమ్మ గీసి చెప్పాను. ఆ పెద్దాయన రెండు నిమిషాల్లో సంతకం పెట్టాడు.

ఆ రాత్రే నేనే కూర్చుని వంశవృక్షం గీశాను. 2020 నాటి రకం 1సి ఉపవంశానిది, ఇప్పుడు దాన్ని 1సి.5 అంటున్నారు. మాది వేరే ఉపవంశమైన 1ఎ కొమ్మ మీద కూర్చుంది. పెద్ద పెద్ద జీతాల సలహాదారులు నంబరు చూసి ఆగిపోయిన చోట నేను ఆగలేదు. ఆ మాట గర్వంగానే చెబుతున్నాను.

మీకు నేను చెప్పేది ఒక్కటే, శాంపిల్‌తో పాటే ఫైలు కోసం సంతకం తీసుకోండి. రిపోర్టులో ‘98 శాతం పోలిక’ అని కనిపిస్తే దేనితో పోల్చారో అడగండి. చాలాసార్లు అది మన కంపెనీ పాత శాంపిళ్ళతోనే. పక్క ఫారం వైరస్ ఆ లెక్కలో ఉండదు. జబ్బొచ్చిందని చెబితే పరువు పోతుందని దాచుకుంటారు. వైరస్ మాత్రం పందుల్ని మోసే ట్రైలర్ ఎక్కి అందరి గేట్లకూ తిరుగుతుంది. ఈ దాపరికం నాకు అస్సలు మింగుడుపడదు. పందుల జబ్బుల మీద కన్నేసి ఉంచడానికి మిన్నెసోటా యూనివర్సిటీ నడిపే మారిసన్ ప్రాజెక్టులో కొన్ని కంపెనీలు స్వచ్ఛందంగా సమాచారం పంచుకుంటున్నాయి. అందరూ చేయాల్సిన పని అది.

మా 1ఎ ఎక్కడినుంచి వచ్చిందో ఇంకా తేలలేదు. పక్క ఫారం డాక్టరుకు మా ఫైలు ముందుగా నేనే పంపాను, ఓనర్ అనుమతితోనే. వాళ్ళది కూడా పంపితే రెండూ పక్కపక్కన పెట్టి చూస్తాను.