తల్లిని చూపించమంటే

ఈ రోజు చెల్లెలి కూతురికి నా మీద బాగా కోపం వచ్చింది. లాబ్రడార్ పిల్లను ఒళ్లోకి తీసుకుని, దానికి పేరు కూడా ఆలోచించుకున్నాక, తిరిగి ఇచ్చేయమన్నది నేనే. ఇల్లు చేరేదాకా కారు కిటికీ వైపు తిరిగి కూర్చుంది. పన్నెండేళ్ల పిల్ల, ఆశపడింది. ఆ కోపం న్యాయమే.

పొద్దున చెల్లెలు ఫోన్ చేసినప్పుడే నాకు మనసొప్పలేదు. "అక్కా, మంచి కుక్కపిల్ల ఉందట. ఈ రోజే తీసుకెళ్లమంటున్నారు, నువ్వు కూడా రా" అంది. లాబ్రడారే కాదు, పగ్, పామరేనియన్, హస్కీ, ఏది కావాలన్నా ఎప్పుడూ సిద్ధంగా ఉంటాయని చెప్పారట. అది ఆమెకు భరోసాగా అనిపించింది. నాకు మాత్రం ఆ పిల్లల వెనక ఉన్న తల్లులు గుర్తుకొచ్చాయి. కుక్క చూలు మోసేది సుమారు 63 రోజులు. సాధారణంగా ఏడాదికి రెండుసార్లు ఎదకు వస్తుంది. ఇన్ని జాతుల పిల్లలు ఏడాది పొడవునా దొరుకుతున్నాయంటే, ఎక్కడో ఇన్ని తల్లులు తెరిపి లేకుండా కంటూనే ఉన్నాయన్నమాట. కుక్కల మీద ప్రేమతో పెంచేవారు ఒకటి రెండు జాతులకు మించి పెట్టుకోరు. కాన్పుకూ కాన్పుకూ మధ్య తల్లి ఒళ్లు కోలుకోనిస్తారు. అడిగినవారి పేరు రాసుకుని, పిల్లలు పుట్టేదాకా ఆగమంటారు.

వెళ్లిన చోట ముందుగది అద్దంలా ఉంది. ఫినాయిల్ వాసన, బుట్టలో రెండు పిల్లలు, మర్యాదగా మాట్లాడే మనిషి. "తల్లిని ఒకసారి చూస్తామండీ" అన్నాను. తల్లి తోటలో ఉందన్నాడు. అక్కడికే వస్తామంటే, కొత్తవాళ్లను చూస్తే మీద పడుతుందన్నాడు. దూరం నుంచే చూస్తామంటే, పశువైద్యుడి దగ్గరకు పంపామన్నాడు. చివరికి ఫోనులో ఫోటో చూపించాడు. బొచ్చు నిగనిగలాడుతూ, కడుపు బిగువుగా ఉన్న కుక్క, చుట్టుపక్కల ఒక్క పిల్ల కూడా లేదు. పాలిచ్చే తల్లి అలా ఉండదు. చన్నులు వేలాడుతుంటాయి, ఒళ్లు కాస్త తీసిపోతుంది, బొచ్చు రాలి పలచబడుతుంది.

తల్లిని చూడాలనడం చాదస్తం కాదు. ఇంగ్లండ్‌లో ఇందుకు చట్టమే ఉంది. లూసీ అనే కావలియర్ కింగ్ చార్లెస్ స్పానియల్ జాతి కుక్కను 2013లో వేల్స్‌లో ఇలాంటి కుక్కపిల్లల వ్యాపారం నుంచి విడిపించారు. ఇరుకు బోనులో ఏళ్ల తరబడి పడి ఉండి దాని వెన్ను వంగిపోయింది. 2016లో చనిపోయింది. దాని పేరుతో పిలిచే చట్టం 2020 ఏప్రిల్ 6న అమల్లోకి వచ్చింది. ఆరు నెలలలోపు పిల్లను మధ్యవర్తులు అమ్మకూడదు. పెంచినవారే, పిల్ల పుట్టిన చోటే, తల్లి పక్కన ఉండగా చూపించి అమ్మాలి. తల్లిని చూపించాల్సి వస్తే, దాన్ని ఎలా ఉంచారో దాచడం కష్టం.

పిల్లకు రెండు నెలలు నిండాయన్నాడు. పెదవి పైకెత్తి చూశాను. ముందు పళ్లు, కోరలు సూదుల్లా పొడుచుకొచ్చాయి కానీ, వెనక దవడ పళ్లు ఇంకా చిగుళ్లలోనే ఉన్నాయి. ఎనిమిది వారాలకల్లా మామూలుగా పాలపళ్లు 28 వచ్చేస్తాయి. దీనికి ఐదు వారాలకు మించి ఉండవనిపించింది. ఆ తేడా చిన్నది కాదు. ఎంత గట్టిగా కరిస్తే ఎదుటివారికి నొప్పి పుడుతుందో పిల్లలు తోబుట్టువులతో ఆడుకుంటూ నేర్చుకునేది సరిగ్గా ఆ వారాల్లోనే. మనుషులకూ, ఇంటి చప్పుళ్లకూ అలవాటుపడే వయసు కూడా అదే. ఆ అలవాటు లేకపోతే పెద్దయ్యాక ప్రతిదానికీ బెదురుతుంది. పొట్ట గుండ్రంగా ఉబ్బి ఉంటే, బాగా తిన్నదని మా పిల్ల మురిసిపోయింది. డొక్కలు లోపలికి పోయి పొట్ట ఒక్కటే ఉబ్బితే నులిపురుగులని అనుమానించాలి. వెనక్కి తిప్పి చూస్తే తోక కింద బొచ్చు తడిసి అంటుకుపోయి ఉంది. ముందు ఉన్నవైపు మాత్రం ఎవరో శుభ్రంగా దువ్వారు.

"టీకాలన్నీ అయిపోయాయండీ" అంటూ కార్డు ఇచ్చాడు. ఆ వయసుకు అన్నీ అయిపోవడం జరగని పని. తల్లి పాల నుంచి వచ్చిన రక్షణ పిల్ల ఒంట్లో ఉన్నంతకాలం టీకా సరిగ్గా పనిచేయదు. అందుకే ఆరు నుంచి ఎనిమిది వారాల మధ్య మొదలుపెట్టి, కొన్ని వారాలకొకసారి, పదహారు వారాలు వచ్చేదాకా వేస్తారు. పార్వో వైరస్ సోకాక వాంతులు, రక్త విరేచనాలు మొదలవడానికి కొన్ని రోజులు పడుతుంది. అమ్మినప్పుడు హుషారుగా ఉన్న పిల్ల, కొన్నవారి ఇంట్లో కుప్పకూలుతుంది. అప్పుడు ఫోన్ చేస్తే, మీరే సరిగ్గా చూసుకోలేదంటారు. అలా ఏడ్చినవారిని నేను ఎరుగుదును. వారి తప్పు ఏమీ లేదు.

తల్లిదండ్రుల తుంటి కీళ్లకు ఎక్స్‌రే తీయించారా అని అడిగాను. లాబ్రడార్లకు అక్కడే బాధ, తుంటి కీలు సరిగ్గా కుదరని హిప్ డిస్‌ప్లేసియా. అమెరికాలో ఈ ఎక్స్‌రేలను పరిశీలించే సంస్థ కుక్కకు రెండేళ్లు నిండాక తీసినవాటికే తుది ధ్రువీకరణ ఇస్తుంది. ఆయన రిజిస్ట్రేషన్ కాగితం తీసి చూపించాడు. ఆ కాగితం పిల్ల ఎవరికి పుట్టిందో చెబుతుంది, అంతే. కీళ్ల గురించి, కళ్ల గురించి, ఆ తల్లి ఎలా బతికిందో అందులో ఒక్క ముక్క ఉండదు. "పశువైద్యుడు చూశాడు" అన్న మాట కూడా అలాంటిదే. ఆ రోజు జ్వరం లేదని మాత్రమే దానర్థం.

గోడ మీద 'అరుదైన రంగులు' అని ఒక బొమ్మ అంటించి ఉంది. మచ్చల మచ్చల మెర్ల్ రంగు కోసం ఆ రంగువే రెండు కుక్కలను జత కట్టిస్తే, పిల్లల్లో సుమారు నాలుగో వంతుకు ఆ జన్యువు రెండు వైపుల నుంచీ వస్తుంది. వాటిలో చాలా పిల్లలు చెవిటివిగానో గుడ్డివిగానో పుడతాయి. తెలిసీ ఆ పని చేసేవారిని క్షమించడం నా వల్ల కాదు.

అప్పుడే మా పిల్ల నా చెవిలో అడిగింది, "పెద్దమ్మా, మనం తీసుకెళ్లకపోతే దీన్ని ఏం చేస్తారు?" ఈ రోజంతటిలో నన్ను కదిలించిన మాట అదే. దానికి తీపి జవాబు లేదు. ఇంకెవరో కొంటారు, లేదా ఇక్కడే జబ్బు పడుతుంది. కానీ మనం జాలిపడి కొంటే ఖాళీ అయిన బుట్టలోకి ఇంకొకటి వస్తుంది, దాని కోసం ఆ తల్లిని మళ్లీ జత కట్టిస్తారు. ఆయనకు అందేది డబ్బే, మన జాలి కాదు. ఈ మాటే ఆమెకు చెప్పాను. అర్థమైంది, అయినా ఏడ్చింది. ఇంటికి వచ్చాక ఆ చోటు వివరాలు, పిల్ల వయసు, కార్డు ఫోటో అన్నీ జతచేసి జంతు సంక్షేమ మండలికి ఫిర్యాదు పంపాను. జవాబు వచ్చేదాకా వదలను.

సాయంత్రం, నాకు ఎప్పటినుంచో తెలిసిన ఒక పెంపకందారుకు చెల్లెలితో ఫోన్ చేయించాను. పిల్లల సంగతి అడిగేలోపే ఆమె ప్రశ్నలు మొదలుపెట్టారు. పగలు ఇంట్లో ఎవరుంటారు? ఇంతకుముందు కుక్కను పెంచారా? అది ఏమైంది? ఊరికి వెళ్లినప్పుడు ఎవరు చూస్తారు? ఈ పరీక్ష ఏమిటని చెల్లెలు కాస్త ఇబ్బందిపడింది. నాకు ఎంతో హాయిగా అనిపించింది. పిల్ల ఎక్కడికి వెళ్తోందో పట్టించుకునేవారే అలా అడుగుతారు. ఏ కారణం వల్లనైనా, ఏ వయసులోనైనా, కుక్కను ఉంచుకోలేకపోతే తిరిగి తన దగ్గరకే తేవాలని రాసి ఇవ్వమన్నారు.

భార్యాభర్తలిద్దరూ ఉద్యోగాలకు వెళ్తారని తెలిశాక, చిన్నపిల్ల మీకు సరిపోదని నిక్కచ్చిగా చెప్పేశారు. తన దగ్గర ఐదేళ్ల ఆడకుక్క ఉందట. ఇక కాన్పులు వద్దని ఆపరేషన్ చేయించారట. ఇంట్లో మనుషుల మధ్యే పెరిగింది, నెమ్మదస్తురాలు, మంచి ఇల్లు దొరికితే ఇస్తానన్నారు. చెల్లెలు నా వైపు చూసింది. అప్పటిదాకా గోడవైపు తిరిగి పడుకున్న పిల్ల లేచి వచ్చి ఫోన్ అందుకుంది.

"ఆంటీ, అది అక్కడి కుక్కల మీద బెంగ పెట్టుకోదా?"

మొదటి కొన్ని వారాలు పెట్టుకుంటుందని, తిండి సరిగ్గా తినకపోవచ్చని ఆమె ఉన్నది ఉన్నట్టు చెప్పారు. ముందు వచ్చి చూడమని, దానికి మీరు నచ్చితేనే మాట్లాడుకుందామని అన్నారు. మా మరిదిని అడిగి, వచ్చే ఆదివారం వెళ్దామంది చెల్లెలు.