జిమ్మీ స్పియర్స్ సమాధి దాకా సైకిల్ మీద

ఇంగ్లండ్‌లోని బ్రాడ్‌ఫర్డ్‌లో ఉద్యోగంలో చేరి మూడేళ్లయినా నాకు ఫుట్‌బాల్ అబ్బలేదు. నేను క్రికెట్ మనిషిని. కానీ ఆ ఊళ్లో నలుగురు కూర్చుంటే 1911 మాట రాక మానదు. ఊరి జట్టు బ్రాడ్‌ఫర్డ్ సిటీ, ఇంగ్లండ్ ఫుట్‌బాల్లో పేరున్న ఎఫ్‌ఏ కప్పు గెలిచింది ఆ ఒక్క ఏడాదే. న్యూకాసిల్‌తో ఫైనల్ గోల్ లేకుండా ముగిసింది. నాలుగు రోజులాగి, ఏప్రిల్ 26న ఓల్డ్ ట్రాఫర్డ్‌లో మళ్లీ ఆడితే, కెప్టెన్ జిమ్మీ స్పియర్స్ కొట్టిన ఒకే ఒక్క గోల్‌తో గెలిచారు. ఆ ఏడాదే కొత్తగా చేయించిన ఆ కప్పును తయారుచేసింది కూడా బ్రాడ్‌ఫర్డ్‌లోని ఫట్టోరిని సంస్థే. అంటే కప్పు పుట్టింటికే వచ్చిందన్నమాట!

ఆ స్పియర్స్ మొదటి ప్రపంచ యుద్ధంలో చనిపోయాడని, సమాధి బెల్జియం పొలాల్లో ఉందని తెలిశాక, బ్రస్సెల్స్‌లో ఆఫీసు పని పడినప్పుడు ఒక శనివారం మిగుల్చుకుని, ఆ సమాధికి దగ్గరి ఊరైన ఈపర్‌కు రైలెక్కాను. ఆ పేరు నోరు తిరగక అప్పటి బ్రిటిష్ సైనికులు 'వైపర్స్' అనేవారట. స్టేషన్లో దిగి సైకిల్ అద్దెకు తీసుకున్నాను. దూరం పది కిలోమీటర్లు కూడా ఉండదు, నేల బల్లపరుపు, ఇంకేం అనుకున్నాను. ఎదురుగాలి సంగతి ఎవరూ చెప్పలేదు. దానికి తోడు ఒక మలుపు తప్పి, బంగాళాదుంప చేల మధ్య అరగంట తిరిగాను. ఆ చేలల్లో దున్నుతుంటే ఆ యుద్ధం నాటి పేలని ఫిరంగి గుండ్లు ఇప్పటికీ బయటపడతాయి. అది గుర్తొచ్చాక రోడ్డు దిగడానికి ధైర్యం చాలలేదు.

స్పియర్స్ ఉన్న సైనిక శ్మశానం, దోచీ ఫార్మ్ న్యూ బ్రిటిష్ సిమెట్రీ, రోడ్డు పక్కనే ఉంది. యుద్ధం ముగిశాక చుట్టుపక్కల పొలాల్లో విడివిడిగా ఉన్న సమాధులను తవ్వి ఇక్కడికి చేర్చారు. వెయ్యికి పైగా తెల్లరాళ్లు. వాటిలో సగానికి మించి పేరు తెలియనివే.

స్పియర్స్ రాయి మీద సార్జెంట్ హోదా, పేరు, కామెరాన్ హైలాండర్స్ దళం, మిలిటరీ మెడల్ గుర్తు, 1917 ఆగస్టు 20. అప్పటికి వయసు 31. గ్లాస్గోలో పుట్టి రేంజర్స్, క్లైడ్ జట్లకు ఆడి, 1908లో స్కాట్లాండ్ తరఫున వేల్స్ మీద బరిలోకి దిగి, ఆ తర్వాత బ్రాడ్‌ఫర్డ్, అక్కడి నుంచి లీడ్స్ సిటీ.

నన్ను నిలబెట్టేసింది మాత్రం వేరే సంగతి. అతను సైన్యంలో చేరింది 1915లో. నిర్బంధంగా చేర్చుకునే చట్టం 1916లో గానీ రాలేదు, అది కూడా మొదట పెళ్లికాని వాళ్లకే. ఇతనికి భార్య, ఇద్దరు పిల్లలు. ఇంట్లో ఏం చెప్పి బయల్దేరాడో! నేను రెండు రోజులు ఆఫీసు పని మీద వెళ్తానంటేనే మా ఇంట్లో సవాలక్ష ప్రశ్నలు.

గేటు దగ్గర గోడలో చిన్న ఇత్తడి తలుపు, లోపల సందర్శకుల పుస్తకం. ఊరు రాయాల్సిన చోట చెయ్యి అలవాటుగా 'నిజా' దాకా పోయింది. కొట్టేసి, బ్రాడ్‌ఫర్డ్ అని రాశాను. సైకిల్ ఐదింటికల్లా అప్పగించాలి. తిరుగు దారిలో గాలి వెనకనుంచి తోసింది.