మైక్రోగ్లియా ల్యాబులో చేరేముందు

మెదడు ఎదుగుదలలో అక్కడి రోగనిరోధక కణాల (వీటినే మైక్రోగ్లియా అంటారు) పాత్ర మీద పనిచేయడానికి విదేశం వచ్చే మనవాళ్ళు జీతం అడుగుతారు, వీసా అడుగుతారు. చిట్టెలుకల లైన్లు (కావాల్సిన జన్యుమార్పుతో పెంచే వంశాలు) సిద్ధంగా ఉన్నాయా అని మాత్రం అడగరు. మొదట తేల్చుకోవాల్సింది అదే. గర్భం దాదాపు 20 రోజులు. పుట్టిన పిల్ల జతకట్టే వయసుకు రావడానికి 6 నుంచి 8 వారాలు. రెండు మూడు జన్యుమార్పులు ఒకే ఎలుకలోకి తేవాలంటే నెలలకు నెలలు పోతాయి. వీసా కాంట్రాక్టుకు ముడిపడ్డవాళ్ళకు ఇది చిన్న లెక్క కాదు. పైగా స్వదేశంలో ఎంత అనుభవమున్నా, చేరిన చోటి శిక్షణ పూర్తిచేసి అనుమతి తెచ్చుకునేదాకా ఎలుకను ముట్టుకోనివ్వరు.

మైక్రోగ్లియా మెదడులో పుట్టవు. పిండపు పచ్చసొన సంచిలో మొదలై, చిట్టెలుకలో గర్భం 9.5వ రోజుకల్లా మెదడుకు చేరతాయి. చచ్చిన న్యూరాన్లను ఎత్తేస్తాయి, మిగులు సినాప్సులను (న్యూరాన్ల మధ్య అతుకులను) తుంచేస్తాయి. తుంచాల్సినచోట సీ1క్యూ, సీ3 అనే రోగనిరోధక ప్రొటీన్లు చేరతాయి. సీ3ని మైక్రోగ్లియా తన సీఆర్3 గ్రాహకంతో గుర్తుపట్టి మింగుతుంది. మనుషుల్లో, మైక్రోగ్లియా బతకడానికి కావాల్సిన సీఎస్ఎఫ్1ఆర్ జన్యువు రెండు ప్రతులూ చెడిన పిల్లల్లో మైక్రోగ్లియా బాగా తగ్గిపోతాయి. రెండు అర్ధగోళాలను కలిపే కార్పస్ కలోజమ్ సరిగా ఏర్పడకపోవచ్చు.

మింగడాన్ని కొలిచే పద్ధతి 2012 నాటిది, ఇప్పటికీ వాడుకలో ఉంది. పుట్టిన నాలుగో రోజున ఒక్కో కంట్లో ఒక్కో రంగు సీటీబీ (న్యూరాన్ల దారి చూపే రంగు ప్రొటీన్) ఎక్కిస్తారు. అప్పటికి కళ్ళు తెరుచుకోవు కాబట్టి రెప్ప విడదీయాలి. రంగు ఆక్సాన్ల (న్యూరాన్ల పొడవాటి తీగల) వెంట మెదడు లోపలి థాలమస్‌కు చేరుతుంది. ఐదో రోజున మెదడు తీసి, కాన్‌ఫోకల్ మైక్రోస్కోపులో జడ్-స్టాక్ (లోతు వెంట పొరపొరగా బొమ్మలు) పట్టి, మైక్రోగ్లియా ఘనపరిమాణంలో రంగు ఎంత శాతమో లెక్కకడతారు. సీడీ68 గుర్తుతో లైసోజోములను (మింగినదాన్ని అరిగించే సంచులను) కూడా చూపకపోతే, ఆ రంగు కణం లోపలుందో పక్కన ఆనుకుందో తేల్చలేం. పదో రోజుకు ఈ మింగుడు బాగా తగ్గిపోతుంది. వయసు లెక్క తప్పితే లేని తేడా కనిపిస్తుంది. అందుకే కాన్పులను రోజూ ఒకే వేళకు చూసి రాసిపెట్టుకోవాలి, పోలికకు నార్మల్ పిల్లల్ని అదే కాన్పులోంచి తీసుకోవాలి.

ఆర్ఎన్ఏ చూడటానికి మెదడు నుంచి కణాలను విడదీసేటప్పుడు ఎక్కువమంది దెబ్బతినేది వేడి దగ్గర. 37 డిగ్రీల ఎంజైము గిన్నెలో మైక్రోగ్లియా రెచ్చిపోయి ఒత్తిడికి మేలుకునే ఫాస్, జున్ జన్యువులను పెంచేస్తాయి. తర్వాత ఆర్ఎన్ఏ ఫలితం చూసి రోగలక్షణమని పొరబడతారు. ఐసు మీద డౌన్స్‌తో (గాజు గొట్టం, రోకలితో) నూరడం మేలు. ఎంజైము తప్పదంటే ట్రాన్స్‌క్రిప్షన్‌ను (జన్యువు నుంచి ఆర్ఎన్ఏ తయారీని) ఆపే మందు కలపాలి. ముందే చల్లటి పీబీఎస్ ఉప్పు ద్రావణంతో రక్తం కడిగేయకపోతే, రక్తంలోని మోనోసైట్లు కలుస్తాయి. కణాలను వేరుచేసే సార్టింగులో, పైపొర మీద సీడీ11బీ ప్రొటీన్ ఉండి సీడీ45 తక్కువున్నవే మైక్రోగ్లియా. టీఎమ్ఈఎమ్119 ప్రొటీన్ పెద్ద ఎలుకల్లో నమ్మదగ్గ గుర్తే గానీ, మొదటివారం పిల్లల్లో చాలా కణాలు దాన్ని చూపవు. పెద్దవాటి ప్రోటోకాల్ యథాతథంగా దించితే చాలా కణాలు లేనట్టే తేలుతుంది.

ఇక సెలవులంటారా, నాలుగైదు రోజుల వయసు ఆదివారం పడితే ఆదివారమే రావాలి. జతకలిపే రోజే క్యాలెండర్ చూసుకోవడం ఒక్కటే దారి.