అటెస్టేషన్ ఫారంలో ఆ ఒక్క గడి

కానిస్టేబుల్ ఉద్యోగానికి ఎంపికైన మా మేనల్లుడు తిరుపతిలో మా ఇంట కూర్చుని, పూర్వచరిత్ర వివరాలు అడిగే అటెస్టేషన్ ఫారం నింపుతూ, ‘మీపై ఎప్పుడైనా కేసు నమోదైందా’ అన్న గడి దగ్గర పెన్ను ఆపేశాడు. కాలేజీ రోజుల్లో గంగ జాతర సమయంలో జరిగిన కొట్లాటలో అతని పేరూ ఎఫ్ఐఆర్‌లోకి ఎక్కింది.

“లోక్ అదాలత్‌లో రాజీ అయిపోయింది కదా మామా, రాయాలా?” అన్నాడు.

రాయాలనే చెప్పాను. అమెరికాలో చాలా పోలీసు విభాగాలు నియామకానికి ముందు, అభ్యర్థి ఏమైనా దాస్తున్నాడేమో చూడటానికి పాలీగ్రాఫ్ (లై డిటెక్టర్) పరీక్ష పెడతాయి కానీ, ఆ యంత్రం కొలిచేది శ్వాస, రక్తపోటు, చెమటలలోని మార్పులనే తప్ప అబద్ధాన్ని కాదు. మన దేశంలో సమ్మతి లేకుండా ఎవరికీ ఆ పరీక్ష చేయరాదని సెల్వి కేసులో 2010లో సుప్రీంకోర్టు తీర్పునిచ్చింది. అయితే మన దగ్గర పూర్వచరిత్ర విచారణ ఉంది, స్టేషన్ రికార్డు ఉంది.

ఉద్యోగానికి ఎంపికైనవారు పాత కేసులను దాచడంపై 2016లో సుప్రీంకోర్టు ఇచ్చిన అవతార్ సింగ్ తీర్పును అతని చేత చదివించాను. కుర్రతనంలో నినాదాలు చేయడం వంటి స్వల్ప తప్పిదాన్ని దాచినా అధికారి మన్నించవచ్చని అందులో ఉంది. ముగిసిన కేసును నిజాయితీగా చెప్పినంత మాత్రాన నియామకం హక్కు కాబోదనీ ఉంది. ఈ రెండో మాట అతన్ని చాలాసేపు కలవరపెట్టింది, నన్ను కూడా.

చివరికి క్రైం నంబరు, సెక్షన్లు, రాజీ తేదీ గుండ్రటి అక్షరాలతో రాసి, లోక్ అదాలత్ అవార్డు (తీర్పు) నకలు జతచేశాడు.