డెర్బీలో ఒక వేన్, ఒక కుళాయి

లండన్ సెయింట్ పాంక్రాస్‌లో రైలెక్కితే గంటన్నరలో డెర్బీ. దిగేసరికి సన్నగా తుంపర పడుతోంది. స్టేషన్‌కి వచ్చిన మా తమ్ముడి కొడుకు, "ముందు ఇంటికెళ్లి కాస్త నడుం వాల్చండి పెదనాన్నా" అన్నాడు. పాలిటెక్నిక్‌లో ఇరవై రెండేళ్లు గ్యాస్ టర్బైన్ల పాఠం చెప్పినవాణ్ణి. రోల్స్ రాయిస్ ఇంజిన్లు పుట్టే ఊరికొచ్చి పడుకోబుద్ధి కాలేదు. తిన్నగా మ్యూజియం ఆఫ్ మేకింగ్‌కే పోనివ్వమన్నాను.

డెర్వెంట్ నది ఒడ్డున, 1721లో పట్టు మిల్లు వెలిసిన చోటే ఉంది ఆ మ్యూజియం. లోపలికెళ్లి తలెత్తితే పైనుంచి వేలాడుతూ ట్రెంట్ 1000 ఇంజిన్. బోయింగ్ 787 రెక్క కింద ఉండే రకం. బరువు ఏడు టన్నులు. ఒక్క ఫ్యానే రెండున్నర మీటర్లకు పైగా వెడల్పు. మెడ నొప్పెట్టేదాకా చూశాను. కానీ నాకు కావలసింది దాని కడుపులో ఉంది, కింద నుంచి కనబడదు. ఇంధనం మండే గది దాటిన వెంటనే ఆ వేడి గ్యాస్ మొదట తగిలేది తిరిగే బ్లేడ్లకు కాదు, వాటి ముందు కదలకుండా నిలబడి గ్యాస్‌ను మళ్లించే నాజిల్ గైడ్ వేన్లకు. ఇన్నేళ్లూ బోర్డు మీద గీశానే గానీ, ఒక్క వేన్‌ని చేత్తో పట్టుకున్న పాపాన పోలేదు.

ఆ మాటే కారులో అన్నాను. వాడేమీ మాట్లాడలేదు. ఇంటికెళ్లాక అలమరలోంచి గుడ్డలో చుట్టిన వస్తువు తీసి నా చేతిలో పెట్టాడు. పాత విమాన భాగాలు అమ్మే సంతలో కొన్నాడట. అరచేతిలో ఇమిడేంత వేన్! ముందు అంచు గుండ్రంగా, వెనక అంచు కత్తిలా, లోపల బోలు. ముందు అంచు పొడవునా, పక్కల మీద వరసలుగా చిల్లులు. ఒక్కోటి అర మిల్లీమీటరు ఉంటుందేమో, గుండుసూది మొన మాత్రమే దూరింది. దీపానికి ఎదురుగా పట్టి తిప్పితే కొన్ని చిల్లుల్లోంచి వెలుగు చుక్కలు. అన్నీ ఉపరితలం మీదికి ఏటవాలుగా వాలి ఉన్నాయి.

ఇప్పటి పెద్ద ఇంజిన్లలో ఇక్కడి గ్యాస్ 1,600 డిగ్రీలు దాటుతుంది. వేన్ చేసిన నికెల్ మిశ్రలోహం 1,400 లోపే కరిగిపోతుంది. అయినా వేన్ నిలబడుతోందంటే, పైన పూసిన పింగాణీ లాంటి పూతతో పాటు ఈ చిల్లుల చలవ. గాలిని కుదించి మంటకు అందించే కంప్రెసర్ నుంచి కొంత గాలిని మంటలోకి పోనివ్వకుండా దారి మళ్లించి వేన్ కడుపులోకి పంపుతారు. అది లోపలి గోడలను చల్లబరిచి, చిల్లుల్లోంచి బయటికొచ్చి, లోహానికీ మంటకీ మధ్య పల్చటి పొరలా పరుచుకుంటుంది. అదే ఫిల్మ్ కూలింగ్. క్లాసులో మట్టి కూజాతో పోల్చేవాణ్ణి. ఆ పోలిక అతకదు. కూజా చెమ్మ ఆవిరై చల్లబడుతుంది, ఇక్కడ ఆవిరయ్యేదేమీ లేదు. పైగా టేకాఫ్‌లో ఈ 'చల్లటి' గాలే 600 డిగ్రీలు దాటి ఉంటుంది. సీసం ఎప్పుడో కరిగిపోయే వేడి అది!

"ఒకటి చూపిస్తా రండి" అని వంటగదిలోకి తీసుకెళ్లాడు. కుళాయికి రబ్బరు గొట్టం తొడిగి, రెండో కొసను వేన్ బోలులో బిగించి, అవతలి వైపు బొటనవేలితో మూశాడు. కుళాయి కొద్దిగా తిప్పాడు. చిల్లుల్లోంచి ఊరిన నీళ్లు వేన్‌ని అంటిపెట్టుకుని వెనక అంచు దాకా పాకాయి. లోహమంతా తడి. పూర్తిగా తిప్పాడు. ధారలు చివ్వున పైకి లేచి నా చొక్కా మీద పడ్డాయి. చిల్లు పక్కనే లోహం మీద మాత్రం తడి చెదిరిపోయింది.

నీళ్లు తమ జిగటతో అంటుకుంటాయి, ఇంజిన్‌లోనైతే దూసుకొచ్చే గ్యాసే గాలి ధారను వేన్ మీదికి వంచుతుంది. ఆ తేడా ఉన్నా విషయం ఒకటే. గాలి ఎక్కువ జోరుగా వదిలితే పొర లేచిపోయి, దాని కిందికి మంట దూరుతుంది. పైగా మళ్లించిన గాలి ఇంజిన్ పనికి నష్టమే. ఇంజిన్ కడుపులోకి వెళ్లే గాలిలో ఐదో వంతు దాకా చల్లబరచడానికే పోతుంది. అందుకే కొత్త వేన్లలో చిల్లు చివర విసనకర్రలా విచ్చుకునేలా చేస్తున్నారు. గాలి నెమ్మదించి, వెడల్పుగా పరుచుకుంటుంది. ఇన్నేళ్లు చెప్పిన పాఠం నాకు పూర్తిగా అర్థమైంది ఆ సింకు దగ్గరే.

"మావయ్యగారూ, పప్పు తిరగమోత పెట్టాలి" అంటూ కోడలు వచ్చింది. ఇంకొక్క నిమిషం అన్నాను. మూడో వరసలో ఒక చిల్లు నుంచి చుక్క రావడం లేదు. దాని వెనక, వేన్ వెనక అంచు దాకా సన్నటి పొడి గీత. తుడిచి చూస్తే సరిగ్గా అక్కడే లోహం నల్లగా మాడి, గరుగ్గా ఉంది. చిల్లు మూసుకుపోయిందని తెలియగానే, 1982 జూన్ 24న జావా మీద గాలుంగ్‌గుంగ్ అగ్నిపర్వతం బూడిదలోకి వెళ్లిన బ్రిటిష్ ఎయిర్‌వేస్ 747 గుర్తొచ్చింది. బూడిద ఇంజిన్లలో కరిగి గాజులా అతుక్కుంది. నాలుగు ఇంజిన్లూ ఆగిపోయాయి. మేఘం దాటాక మళ్లీ అందుకుని జకార్తాలో క్షేమంగా దిగింది. ఆ నాలుగూ రోల్స్ రాయిస్ ఆర్‌బీ211లే.

భోజనాల దగ్గర హైదరాబాద్‌లోని రక్షణ శాఖ లోహ పరిశోధన సంస్థ డీఎంఆర్‌ఎల్ మాట వచ్చింది. హెలికాప్టర్ ఇంజిన్ కోసం అక్కడ ఏకస్ఫటిక బ్లేడ్లు, అంటే బ్లేడంతా ఒకే స్ఫటికంగా ఉండేవి, తయారుచేసి, 2021లో విమానాలు తయారుచేసే హెచ్‌ఏఎల్ సంస్థకి 60 బ్లేడ్లు ఇచ్చారు. అవి వేన్లు కాదు, తిరిగే బ్లేడ్లు. అయినా ఆ పని ఎంత కష్టమో తెలిసినవాడిగా చెబుతుంటే నాకు గొంతు పూడుకుపోయింది.

చేతులు కడుక్కున్నాక వాడు సూది తెచ్చి, మూసుకుపోయిన చిల్లును పొడవబోయాడు.

"వద్దురా, అలాగే ఉండనీ" అని వేన్ అందుకుని, ఆ నల్ల మచ్చ బాగా కనబడేలా కిటికీ దగ్గర పెట్టి ఫోటో తీసుకున్నాను.